గోలు వెనక గోనెపట్ట

దాసప్ప రానే వచ్చాడు. మైదానం గేటు దగ్గర సైకిలుకు స్టాండు వేసి, భుజం మీది తువ్వాలు తీసి మెడ తుడుచుకుంటున్నాడు, లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నాడో, నీడ ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాడో, ఇంత దూరం నుంచి నా కళ్ళకు మనిషి తెలుస్తాడు గానీ మనసు తెలియదు. పొద్దున కొళాయి కింద బిందె పెట్టుకుని నిలబడినప్పుడే వాళ్ళావిడ నాతో అనేసింది, "అవ్వా, ఈ పొద్దు మా ఆయప్ప వచ్చి పాపను పిల్చుకుపోతాడంట. ఆట మధ్యలో అయినా సరేనంట. ఇంక పంపించేది లేదంటాండాడు. మీ కొడుక్కు చెప్పిపెట్టు," అని. నేను చెప్పాను. జయరాముడు విజిలు మెడలో వేసుకుంటూ, "కంబదూరోళ్ళు బస్సు దిగినారమ్మా, ఇప్పుడు దాసప్ప మాటా?" అని మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు. ఇప్పుడు వాడు మైదానం గీత పక్కన అటూ ఇటూ ఉరుకుతూ గొంతు చించుకుంటున్నాడు, గేటు వైపు చూడను కూడా చూడడం లేదు. దాసప్ప కూతురు సుజాత నా ముందే ఉంది, రెండు ఇనుప కంబాల నడుమ, నాకు వీపు పెట్టి. మా ధర్మవరం ఆడపిల్లల జట్టుకు గోల్‌కీపరు. ఆ పిల్ల కూడా తండ్రిని ఇంకా చూడలేదు, కన్నంతా బంతి మీదే. చూడకుండా ఇంకాసేపు గడిస్తే బాగుండును. గడిస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. పోయేవాళ్ళు కాసేపు ఆలస్యంగా పోతారు, అంతే కదా, నాకు తెలియనిదా.

నేను ఈ గోనెపట్ట మీద ఎందుకు కూర్చున్నానో తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. నల్లమాడ దగ్గర వేరుశనగ చేలల్లో ఒళ్ళు వంచిన దాన్ని, ఫుట్‌బాల్ అనే మాటే వినని దాన్ని. కొడుక్కు ఇక్కడి బడిలో డ్రిల్లు సారు ఉద్యోగం వచ్చింది, వాడితో నేనూ వచ్చాను. స్టోరు గదిలో ఎవరూ ముట్టని ఫుట్‌బాలు ఒకటి కనబడిందట, అంతే, ఆడపిల్లలకు జట్టు కడతానని ఇల్లిల్లూ తిరిగాడు. తిరిగి వచ్చి ఒక్కో ఇంటి మాట నాకు చెప్పేవాడు. ఒకామె, మా పాప నల్లబడుతుంది అందట. ఒకాయన, గెలిస్తే ఏమిస్తారు అన్నాడట. ఇంకొకాయన అసలు తలుపే తీయకుండా, మగ్గం చప్పుడులో వినపడలేదన్నాడట. చివరకు సుంకప్ప పెండ్లాము తెగేసి చెప్పింది, "సారూ, మీ అమ్మను తెచ్చి ఆడ కూసోబెట్టు. ముసలామె ఉంటే పంపిస్తాం. లేకుంటే నీ బాలు నువ్వే తన్నుకో." ఆ మాట వీధంతా పాకింది, అందరూ అదే పట్టుకున్నారు. అలా నేను ఆటలో చేరాను. గోడ నీడ ఈ గోలు వెనకే పడుతుంది కాబట్టి ఇక్కడ కూర్చోవడం మొదలుపెట్టాను. మొదట కాపలాకే వచ్చాను, తర్వాత చూడడానికి వచ్చాను. ఎందుకు విజిలు ఊదారు, ఎందుకు ఆ పిల్ల చేతులు పైకెత్తింది, ఎందుకు బంతిని అక్కడ పెట్టి అందరూ గోడలాగా నిలబడ్డారు, ఇవన్నీ తెలుసుకోకపోతే నిద్ర పట్టేది కాదు. ఆఫ్‌సైడ్ అనేది మాత్రం ఇప్పటికీ సరిగా మింగుడుపడలేదు. అవతలివాళ్ళ కంటే ముందుగా పోయి నిలబడడం తప్పట. ముందుగా పోయినవాళ్ళది తప్పేనని నేనూ చాలాసార్లు అనుకున్నాను, మా అక్క బయక్కను, మా ఇంటాయనను తలుచుకుని. విజిలు ఊదినవాళ్ళు ఎవరూ లేరు.

అదిగో కంబదూరు పిల్ల ఒకతి బంతి తీసుకుని వస్తోంది, పొట్టిది, గాలిపటంలా కుడికీ ఎడమకీ ఊగుతూ. సుజాత వీపు బిగుసుకుంది. వెనక నుంచి చూస్తే గోల్‌కీపరు అంటే ఒక వీపు, ఒక జడ, రెండు మోచేతులు. భయపడితే జడ కదలదు. భయం లేకపోతే పిల్ల మడమల మీద ఊగుతుంది. ఇన్ని సాయంత్రాలు ఇక్కడ కూర్చుని నేను చదివింది ఈ వీపునే. ముఖం చూడలేదు. ఆట అయ్యాక నీళ్ళ కోసం వచ్చినప్పుడు చూసేది వేరే ముఖం, అది ఇంటికి పోయే పిల్ల ముఖం. బంతి వస్తున్నప్పుడు, అందరూ మీదికి వస్తున్నప్పుడు, ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుంది? అడిగితే, "నాకేం తెలుసవ్వా, నా మొగం నాకు కనపడతాదా?" అంది. నిజమే. బయక్క కంబదూరు బస్సెక్కినప్పుడు కూడా నేను చూసింది జడే, జడలో కనకాంబరాలు, మెట్టు మీద ఒక మడమ, మడమకు పసుపు. ఆ ఊరి పేరు ఈ పొద్దు ఈ పిల్లల చొక్కాల మీద చూస్తున్నాను. పెళ్ళయి పోయిన మనిషి ఆ తర్వాత కబురుగా తప్ప రాలేదు, మొదటి కాన్పులోనే పోయిందని. కరువొచ్చిన ఏడు మా ఇంటాయన బళ్ళారి వైపు పత్తి తీయడానికి నడిచిపోయినప్పుడూ వీపే, వీపు మీద తువ్వాలు, తువ్వాలులో మూట కట్టిన సద్దిరొట్టె. మలుపు తిరిగేదాకా చూశాను, మనిషి మళ్ళీ రాలేదు. ఇటు తిరిగి ఉన్నప్పుడు వాళ్ళ ముఖాలు నా కోసం పెట్టుకున్న ముఖాలు. అటు తిరిగాక ఏమయ్యాయి? ఏడ్చాయా, తేలికపడ్డాయా, దారిలో రేగుపండ్లు కనిపిస్తే ఆగాయా? ఇది దుఃఖం కాదు, దుఃఖం ఎప్పుడో ఎండిపోయింది, ఇది ఊరికే తెలుసుకోవాలనే ఆశ. నేను చదువు నేర్చుకుంది బొరుగుల పొట్లాల మీద. ఎవరూ చెప్పలేదు, అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ నేనే కూడబలుక్కున్నాను. ఆ కాగితాల్లో కథలు ఎప్పుడూ సగంలో చిరిగిపోయి ఉండేవి. ఊరొదిలి పోయినవాడు పోతూనే ఉండేవాడు, వాడు ఎక్కడికి చేరాడో ఉన్న కాగితం వేరే ఎవరి పొట్లమో అయిపోయేది. అందుకే కాబోలు, మనుషులు పోయాక ఏం జరుగుతుందో ఊహించే గుణం నాకు అంటుకుంది.

పట్టుకుంది. పొట్టిపిల్ల తన్నిన బంతిని సుజాత కడుపుకు కరుచుకుని కింద పడింది, గరసు నేల, మోచేయి గీరుకుపోయి ఉంటుంది. అటుపక్క గట్టు మీద హనుమంతరాయుడు చప్పట్లు కొడుతున్నాడు. పిల్లలకు చొక్కాలు కుట్టించినాయన, అందుకని తన కూతురు రేఖ ఎప్పుడూ ముందు వరసలోనే ఉండాలంటాడు. కొట్టిన చప్పట్లు కూడా కూతురికే, "రేఖా, ముందుకు పో, ముందుకు!" అని. రేఖ పాపం ఎండకు సొమ్మసిల్లిన దూడలా నడుస్తోంది. దాసప్ప ఎక్కడ? గేటు దగ్గర లేడు. గోడ వెంబడి వస్తున్నాడు, నీడలో, ఇటే.

పోయిన నెలే కదా బడి దగ్గరికి వచ్చి గొడవపెట్టుకున్నాడు, గొడవంటే పెద్ద గొడవేం కాదు, చేతులు కట్టుకుని మెల్లగా. "సారూ, ఆడపిల్ల నిక్కరేసుకుని ఉరుకుతాంటే నలుగురూ నాలుగు మాటలంటాండారు." అప్పుడు సుజాత ముందు వరసలో ఆడేది. ఆ పిల్ల ఉరికితే జయరాముడి ముఖం విచ్చుకునేది. కానీ తండ్రి మాట విని వాడు ఒక్క రాత్రి ఆలోచించి, ఎంత మంచి ఉపాయం తట్టిందమ్మా అని నాకు చెప్పి, మర్నాడు దాసప్పతో, "అన్నా, పాపను గోలు కాడ నిలబెడతా. ఆడ నిండా ప్యాంటు వేసుకోవచ్చు, ఉరికే పనే లేదు, ఉన్నచోటే నిలబడేది. సరేనా?" అన్నాడు. దాసప్ప ఏమీ అనలేదు. నా కొడుకు దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. ఆ మౌనం నాకు అప్పుడే వింతగా అనిపించింది, ఒప్పుకున్న మనిషి భుజాలు దిగుతాయి, ఈయన భుజాలు దిగలేదు. కానీ నేను ఎక్కువ ఆలోచించలేదు, ఎందుకంటే ఆ పిల్ల నా ముందుకు వచ్చింది. అంతకుముందు దూరంగా ఉరికే చుక్క, ఇప్పుడు చెయ్యి చాస్తే అందేంత దగ్గర. బంతి అవతల ఉన్నప్పుడు తల కొంచెం పక్కకు తిప్పి నాతో మాట్లాడేది. "అవ్వా, ఈడ నిలబడుకుంటే ఆట మన కాడికి ఎప్పుడొస్తాదా అని కాసుకోనుండాల. శానా విసుగు." నాకైతే ఆ పని తప్ప వేరే ఏం తెలుసు? పక్కన ఇంకొకరు అదే పని చేస్తుంటే ఎంత బాగుండిందో. ఇప్పుడు ఆ తండ్రి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు, నేను మళ్ళీ ఒక జడను చూస్తాను, గేటు దాకా.

"కూసో అప్పా," అన్నాను, గోనెపట్ట కొంచెం జరిపి. కూర్చుంటే తీసుకుపోవడం ఆలస్యమవుతుందని. అతను పట్ట మీద కూర్చోలేదు, నేల మీదే గొంతుక్కూర్చున్నాడు.

"ఆట ఎంతసేపుంటాది అవ్వా?"

"ఇంకా సగం కూడా కాలేదు. మధ్యలో పిల్చుకుపోతే జట్టు ఓడిపోయినట్టే. పిల్లలందరి ఉసురూ పోసుకుంటావా?"

"నాకేమన్నా సరదానా?" అన్నాడు. కూతురి వీపు వంక చూస్తున్నాడు, వీపు కాదు, చేతుల వంక. సుజాత అరచేతులు తొడలకు రాసుకుంటోంది, బంతి వచ్చే ముందు ఆ పిల్లకు అది అలవాటు. ప్రతి రాపిడికీ దాసప్ప కనురెప్పలు ముడుచుకుంటున్నాయి. నాకు ఆశ్చర్యమేసింది. ఇతను ప్యాంటు వంక చూడడం లేదు, జనం వంక చూడడం లేదు.

"ఏమప్పా, నిక్కరు మాన్పించినారు గదా. ఇంకేముంది నీకు కష్టం?"

అతను తన చూపుడువేలు నా ముందు పెట్టాడు, చిన్నపిల్లలకు చూపించినట్టు. నున్నగా, మైనం పూసినట్టుంది. "నిక్కరు మాట మా ఇంట్లో ఆడోళ్ళది. పోయి చెప్పిరా అంటే చెప్పినా. నలుగురూ నాలుగు దినాలు అనుకుంటారు, మర్చిపోతారు. ఇది చూడు. చీర అయిపోయినాక మగ్గం మీది పాత పడుగు పోగుల కొసలకు కొత్త పడుగు పోగులు అతకల్ల. ఒక్కో పోగు తీసి, విభూతి అద్ది, వేళ్ళతో మెలేసేది. మా ఇంట్లో ఆ పని సుజాతదే. నా కండ్లకు ఇంక ఆనదు. పట్టు పోగు వెంట్రుక కంటే సన్నం. వేలికొస గరుకెక్కితే వేలికే పట్టుకుంటాది, పుటుక్కుమంటాది. నిన్న పొద్దుగూకేదాకా కూసున్నాదవ్వా, అతికినవాటి కంటే తెగినవే ఎక్కువ. ఏడ్సింది. నేను ఏమీ అనలేదు."

"మరి సారుతో ఆ పొద్దే చెప్పకూడదా?"

"ఎట్ల చెప్పేది? నా కోసరం ఆలోచన చేసి, సంతోషంగా చెప్తాండాడు. దానికీ వద్దంటే, వీడికి ఏది చేసినా వంకే అనుకోడా? నోరు రాలేదు." తువ్వాలు అంచు మెలితిప్పుతూ నవ్వాడు. "కాళ్ళు అడిగింటే ఇచ్చేవాణ్ణి. మగ్గం తొక్కేదానికి నా కాళ్ళుండాయి. పోయి పోయి చేతులు అడిగినాడు మీ కొడుకు."

చేతి తొడుగులు ఉంటాయట కదా అని నోటిదాకా వచ్చింది. బడిలో ఉన్నది ఒక్క జత, మగపిల్లలవి, సుజాత తొడిగితే బంతితో పాటు అవీ జారిపోయాయి, పక్కన పడేసింది. ఎంత వింత. మేం చేలవాళ్ళం, మాకు చేతులు గరుకెక్కితేనే గౌరవం, అరచేయి ఎంత గరుకుందో చూసి పిల్లను అడిగేవాళ్ళు మా వైపు. పక్క పక్కనే ఉన్న ఊళ్ళు, ఒకే ఎండ, ఒకే రాని వాన, ఒకచోట గరుకు చెయ్యి సంబంధం తెస్తుంది, ఒకచోట అన్నం చెడగొడుతుంది. నా కొడుకు మొత్తం నిక్కరు గురించే ఆలోచించాడు. నేను మొత్తం జడ గురించే ఆలోచించాను. చేతుల గురించి ఆలోచించినవాడు ఒక్కడే, వాడు నోరు విప్పలేదు. ఇప్పుడు ఏం చేయాలో నాకు తెలిసిపోయింది, తెలిసినందుకు కోపం కూడా వచ్చింది. ఆ పిల్ల ఆటలో ఉండాలంటే ఈ కంబాల మధ్య నుంచి పోవాలి. నా ముందు నుంచి పోవాలి. ఉరుక్కుంటూ అవతలికి. నేను నోరు మూసుకుంటే దాసప్ప తీసుకుపోతాడు, నోరు తెరిస్తే నేనే పంపిస్తాను. రెండింట్లోనూ నా పక్కన ఎవరూ ఉండరు. ఇన్నేళ్ళలో పోయినవాళ్ళెవరూ నన్ను అడిగి పోలేదు. ఈ పోవడం ఒక్కటే నన్ను అడుగుతోంది.

సగం ఆట విజిలు పడింది. సుజాత వెనక్కి తిరిగి, తండ్రిని చూసి, నిలబడినచోటే రాయైపోయింది. చేతులు వెనక్కి దాచుకుంది. నేను లేచాను, మోకాళ్ళు కటకటమన్నాయి. "జయరామా, ఇట్ల రా," అని పిలిచాను. వాడు చెమటలు కక్కుతూ వచ్చాడు, దాసప్పను చూసి ముఖం మాడ్చుకున్నాడు. నేను రెండు మాటల్లో చెప్పాను. వాడు దాసప్ప వేళ్ళ వంక, సుజాత వేళ్ళ వంక చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఎంత పని చేసినానన్నా. ఒక్క మాట అనింటే..." తర్వాత గట్టు వైపు చూశాడు. "ఇప్పుడు గోలు కాడ ఎవరిని నిలబెట్టేదమ్మా? ఆట మధ్యలో?"

"నేను నిలబడతా సార్," అంది రేఖ, నీళ్ళ సీసా మూత పెట్టకుండానే. అందరూ అటు తిరిగారు. "నాకు ఉరికేది చేతగాదు సార్. ఎన్నిసార్లు చెప్పల్ల? మా నాయనకు చెప్పండి."

హనుమంతరాయుడు అప్పటికే గట్టు దిగి వస్తున్నాడు, తెల్లబట్టల్లో. "ఏమప్పా జయరాముడూ, మా పాపను వెనక్కి తోస్తాండావంట? చొక్కాలు కుట్టిచ్చినవాడికి ఇదేనా మర్యాద?" నా కొడుకు విజిలు తాడు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూశాడు. పిల్లల తల్లిదండ్రుల ముందు వాడికి ఎప్పుడూ అంతే. నేనే అన్నాను, "అయ్యా, అందరూ నువ్వు కుట్టించిన ఎర్ర చొక్కాలే వేసుకున్నారు. ఎవరు ఎవరో నాకే తెలియడం లేదు. పచ్చ చొక్కా గోలు కాడ నిలబడే ఒక్కరికే. గేటు కాడ నిలబడినోడికి కూడా మీ పాపే కనబడతాది." ఆయన కాసేపు పచ్చ చొక్కా వంక చూశాడు, గట్టు మీద ఎంతమంది ఉన్నారో చూశాడు. "అదీ... పొడుగు గూడా ఉండాదిలే మా పాప," అని మీసం సవరించుకుంటూ వెనక్కి పోయాడు.

సుజాత, రేఖ గోడ చాటుకు పోయి చొక్కాలు మార్చుకున్నారు, సుజాత ప్యాంటు కూడా తీసేసింది. లోపల నిక్కరు ఉండనే ఉంది, ఇన్ని రోజులూ లోపల వేసుకునే నిలబడిందన్నమాట. ప్యాంటు తెచ్చి ఎవరికివ్వాలో తెలియక తండ్రి ముందు పట్టుకుంది. దాసప్ప ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి మాత్రం చాపి తీసుకున్నాడు. దుమ్ము దులిపి, మడిచి, మడతను అరచేత్తో సరిచేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "కింద పడినావంటే చేతులు ఆనించొద్దు," అన్నాడు, ఎటో చూస్తూ. సుజాత తలూపి ఉరికింది. జడ, వీపు, మడమలు. అవతలికి, మైదానం నడిమికి.

సగం ఆట అయ్యాక జట్లు ఆడే వైపులు మార్చుకుంటాయి. నేనూ ప్రతిసారీ పట్ట చుట్టుకుని మా గోల్‌కీపరు వెనకాలే అవతలికి నడిచేదాన్ని. జయరాముడు అటు నుంచి చెయ్యి ఊపుతున్నాడు, "అమ్మా, ఇట్ల రా!" అని. రేఖ పచ్చ చొక్కాలో పిచ్చుకలాగా అంత దూరాన కనబడుతోంది. ఇప్పుడు ఈ గోలు కంబదూరు వాళ్ళది. నా ముందు నిలబడింది వాళ్ళ పిల్ల, ఎవరో, బొద్దుగా, ముక్కు ఎగబీలుస్తూ. నేను పట్ట తీసుకుందామని వంగాను, వంగి మళ్ళీ కూర్చున్నాను. పరాయివాళ్ళ గోలు వెనక ఎప్పుడూ కూర్చోలేదు. ఇక్కడ కూర్చుంటే ఏం కనబడుతుంది? మనవాళ్ళు ఇక్కడికి కదా రావాలి. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదు.

"నువ్వు పోవా అవ్వా?" అన్నాడు దాసప్ప.

"నువ్వు?"

"చూసి పోతా," అన్నాడు.

చాలాసేపు ఏమీ రాలేదు. దుమ్ము లేచింది, దుమ్ములో కాళ్ళు, అరుపులు, విజిలు, మళ్ళీ దుమ్ము. తర్వాత దుమ్ము ఒకచోట చీలింది. సుజాత. బంతి కాలి ముందర కట్టేసినట్టు వస్తోంది, రెండు చేతులూ గాలిలో పైకి ఎత్తిపెట్టుకుని, తండ్రి మాట అలా పాటిస్తోంది కాబోలు, కొంగలాగా. ముఖం ఇటే. నేను కళ్ళు చికిలించి చూశాను. భయపడుతోందనుకున్నాను, లేదు. నవ్వుతోందనుకున్నాను, అదీ కాదు. నాలుక కొస పెదవి పక్కన బయటపెట్టి, ఒక కన్ను కొంచెం మూసి, ఏదో చిక్కుముడి విప్పుతున్న మనిషిలా ఉంది. గోలు వెనక తండ్రి ఉన్నాడు, అవ్వ ఉంది, ఆ ముఖంలో మాత్రం మేమిద్దరమూ లేము. అసలు ఎవరూ లేరు. ఆ పిల్లకూ బంతికీ సరిపోయేంత చోటే ఉంది. నాకేమీ బాధ అనిపించలేదు. ఇలా ఉంటుందా, అనుకున్నాను. ఇంతేనా, అనుకున్నాను. చూసినకొద్దీ ఇంకా చూడాలనిపించింది. ముక్కు ఎగబీల్చే పిల్ల ముందుకు ఉరికింది, సుజాత పక్కకు తప్పుకుని కాలు విసిరింది.

ఈ గోలుకు వల లేదు.

"అవ్వా, తల వంచు, తల వంచు!" దాసప్ప నా భుజం పట్టి లాగుతున్నాడు.

"ఉండప్పా, అడ్డం రావద్దు," అన్నాను, "ఆ పిల్ల ఇంకా ఇటే వస్తాంది."